గండి దగ్గర టీచరు చోటు

లేవకు, లేవకు. మర్యాదలేం అక్కర్లేదు. ఆ కత్తి కింద పెట్టమని కూడా నేననలేదు. నీ పని నువ్వు చేసుకో హానుసూ, నేను అనాల్సింది అనేసి పోతా.

ఎల్సా, నువ్వు లేమ్మా. ఆ రక్తం గిన్నె ఇటివ్వు, నేను కలుపుతా. గడ్డ కట్టనివ్వన్లే, బుద్ధెరిగినప్పట్నించీ చేస్తున్న పనే. నువ్వు బడికెళ్ళి నీ కూతురి దగ్గర కూర్చో. మీ ఆయన్నేం కొరుక్కు తినన్లే, వెళ్ళు.

ఆ. ఇప్పుడు చెప్పరా. ఏ చెయ్యి? కుడిదేనా? ఇప్పుడు ఆ గొర్రె తోలు లాగుతున్న చెయ్యేనా? ఆ చెయ్యి పట్టుకునే కదరా నీకు అక్షరాలు దిద్దించాను! ఈ టెర్నోయ్ దీవిలోనే, ఆ బడిలోనే, కిటికీ పక్క బల్ల దగ్గర. పెన్సిలు పట్టుకోవడం రాక ఏడ్చేవాడివి. కర్ర పట్టుకోవడం మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చేసిందే నీకు.

ఇప్పుడే చూసొస్తున్నా వాణ్ణి. సీమున్‌ని. మీ దీవి మొత్తానికీ ఉన్న ఒక్క టీచర్ని. బడి గదిలో, బల్లలు రెండు కలిపి వాటి మీద పడుకోబెట్టారు. దవడ ఒక పక్కకి పోయింది. ఎడమ కన్ను ఎక్కడుందో తెలీడం లేదు, అంత వాపు. భుజం ఎముక చర్మం కిందనించి పొడుచుకొచ్చి కనిపిస్తోంది. నీళ్ళు తాగిస్తే నీళ్ళతోపాటు రక్తం కక్కుతున్నాడు. మనిషిని కొట్టడమా అది? ఒరేయ్, నువ్వు గొర్రెని కోసేటప్పుడు కూడా ముందు దాని తల మీద ఒక్క దెబ్బ కొట్టి స్పృహ తప్పిస్తావు కదరా, దానికి నొప్పి తెలీకూడదని!

నేల చూపులా. చిన్నప్పుడూ అంతే. తప్పు చేస్తే తల దించుకుని కాలి బొటనవేలుతో నేల గీరడం. గీరు. ఇక్కడ అంతా రక్తమే, బాగా గీరుకో.

నీ కూతురు బిరితా వాడి తల దగ్గరే కూర్చుంది, తడిగుడ్డ పట్టుకుని. రెండు రోజులయింది కదూ అది ఇంటికొచ్చి? పిలిచావా? రాలేదు కదూ? నన్నడిగింది, "మాలన్ టీచర్, నాన్న నన్ను కూడా అలాగే కొడతాడా?" అని. నేనేం చెప్పాలి? నువ్వే చెప్పు, నేనేం చెప్పాలి దానికి?

సరే, అది తర్వాత. ముందు వచ్చిన పని విను. పెద్దాసుపత్రి డాక్టరు ఫోన్లో నాతో మాట్లాడాడు. తలలో ఎక్కడో రక్తం నిలిచిందట. ఇవాళ ఆపరేషన్ చెయ్యకపోతే బతకడం కష్టమన్నాడు. హెలికాప్టర్ రాదు, పొగమంచు చూస్తున్నావుగా. ఉన్నది నన్ను తెచ్చిన పడవ ఒక్కటే. పడవవాడేమన్నాడంటే, పోటు పాటుకి మారే వేళ అల కాసేపు తగ్గుతుంది, అప్పుడు హారన్ కొడతా, కొట్టగానే దించెయ్యండి, మళ్ళీ అల లేస్తే నేను ఆగలేనన్నాడు.

ఆ రేవు సంగతి నీకు నేను చెప్పాలా? ఆ ఇనప మెట్లు, ఆ పాచి, కింద నోరు తెరుచుకున్న రాళ్ళు. బాగున్న మనిషే దూకడానికి దేవుణ్ణి తలుచుకుంటాడు. వీణ్ణి చెక్కకి కట్టి నాలుగు మూలలా నాలుగు తాళ్ళతో దించాలి. నలుగురు కావాలి. బరువు తాడు పట్టుకుని నిలబడగల మగాళ్ళు ఈ దీవిలో నువ్వు కాక ముగ్గురే. మిగతావాళ్ళు ముసలివాళ్ళు. పడవలోవాళ్ళు పడవని వదలకూడదు. అర్థమైందా? నాలుగో తాడు నీది. అందుకొచ్చా.

బతిమాలుతున్నానుకోకు. నిన్ను చూస్తేనే ఒళ్ళు మండిపోతోంది నాకు. ఇంకొకడుంటే నీ గుమ్మం తొక్కేదాన్ని కాదు.

ఏంటి? గొణక్కు, గట్టిగా అను. గొర్రెలా?

చూశాన్రా. నాకు కళ్ళు లేవనుకున్నావా? పడవ కొండ కిందనించే కదా వచ్చింది. రాళ్ళ మీద ఎక్కడ చూసినా కొండ మీంచి పడ్డ గొర్రెలే. కొన్నిటికి కాళ్ళు విరిగి ఇంకా కదులుతున్నాయి. పక్షులు బతికుండగానే కళ్ళు పొడుచుకు తింటున్నాయి. ఒకటి అరుస్తూనే ఉంది, ఆ అరుపు ఇంజను చప్పుడులో కూడా వినిపించింది. పడవవాడు మొహం తిప్పుకున్నాడు. మీ ఇంటిదీ, ఈ దీవిలో అందరిదీ సగం చలికాలం తిండి ఆ రాళ్ళ మీద కుళ్ళిపోతోంది. నీ కడుపు మండదా? మండుతుంది. నేనూ దీవిలో పుట్టినదాన్నే, నాకూ మండింది.

గండి దగ్గర ఎవరూ లేరు. అంతే కదా నీ బాధ?

గండి దగ్గర చోటు టీచరుది. ఎవరు పెట్టారో ఆ పద్ధతి, మా అమ్మమ్మ కాలంలో కూడా ఉంది. మందని కొండ దించే రోజున మగాళ్ళంతా చీకటుండగానే అటు చివరికి ఎక్కుతారు. గొర్రెల్ని తరుముకుంటూ ఇటొస్తారు. వాలు తెగిపోయి సముద్రంలోకి దిగే ఆ ఒక్క చోట టీచరు, పిల్లలు చేతులు బారచాపి, కేకలేస్తూ నిలబడతారు. గొర్రెలు వాళ్ళని చూసి దొడ్డి వైపు తిరుగుతాయి. టీచరున్నాడా లేడా అని ఎవరూ వెళ్ళి చూడరు. ఎందుకు చూస్తారు? సూర్యుడు ఉదయించాడా అని ఎవడైనా అడుగుతాడా? నేనూ నిలబడ్డాన్రా అక్కడ, ఏళ్ళ తరబడి. నువ్వు నా లంగా పట్టుకుని వణికేవాడివి.

పోయినేడు సీమున్ మొదటిసారి నిలబడ్డాడు. టోర్స్‌హావ్న్ పట్నం కుర్రాడు, గొర్రెని దగ్గర్నించి చూడ్డం అదే మొదలు. భయమేసి, ఏం కేక వెయ్యాలో తెలీక ఎక్కాలు అరిచాడట! రెండొకట్ల రెండు, రెండు రెళ్ళు నాలుగు... మీరంతా పొట్ట పట్టుకుని నవ్వారు. కానీ గొర్రెలు తిరిగాయా లేదా? ఆ రాత్రి నువ్వే కదరా, ఎండిన మాంసం పల్చగా కోసి వాడి పళ్ళెంలో పెట్టింది? "టీచరూ, ఎక్కాలు మా పిల్లలకంటే మా గొర్రెలకే బాగా వచ్చాయి" అన్నావట. వాడు నాకు ఫోన్ చేసి ఎంత మురిసిపోయాడో. "మేడమ్, నన్ను వాళ్ళలో కలుపుకున్నారు" అన్నాడు.

ఆగు, ఈ గిన్నె అడుగున గడ్డ కడుతోంది... ఆ, సరిపోయింది.

నీకు తెలీదు, నా ఉద్యోగం ఎలాంటిదో. ప్రిన్సిపాలంటే పెద్ద దీవిలో కుర్చీలో కూర్చుని సంతకాలు పెడుతుందనుకుంటావు. ఇలాంటి ఒంటి టీచరు బళ్ళు అయిదు నా నెత్తిన ఉన్నాయి. నెలకోసారి టపా పడవెక్కి, సముద్రం ఒప్పుకుంటే వస్తా, ఒప్పుకోకపోతే రేవు దాకా వచ్చి కిందనించి చెయ్యూపి పోతా. వెనక బల్ల మీద కూర్చుని వాళ్ళు పాఠం చెప్తుంటే చూస్తా. మిగతాదంతా ఆదివారం సాయంత్రాల ఫోనే. ఒకడు ఏడుస్తాడు, ఒకతె తాగుతుంది, ఒకడు పెళ్ళాం వదిలేసిందంటాడు. సీమున్ మొదటి చలికాలం గాలి మోతకి నిద్రపట్టడం లేదని ఏడ్చాడు. ఊలు మేజోళ్ళు అల్లి పంపా. గాలివాన రాత్రి ఫోను పక్కన పెట్టుకుని పడుకోరా, నేను లేస్తానన్నా. తల్లిలా చూసుకున్నాననుకున్నా. అలానే అనుకున్నా.

కొత్త టీచరు ఎవరొచ్చినా రేవులో నిలబెట్టి కొన్ని మాటలు చెప్తా. పచ్చిక తగాదాల్లో తల దూర్చకు. ఒక్కింట్లోనే తాగకు. పెట్టింది తిను, కంపు కొట్టినా తిను. చివరి మాట ఒకటుంది. దీవివాళ్ళ ముందు ఎప్పుడూ 'ప్రిన్సిపాల్ చెప్పింది' అనకు. నా చాటున దాక్కున్నావని తెలిస్తే వాళ్ళు నిన్ను మనిషిగా చూడరు. మంచయినా చెడయినా 'నేనే' అను, 'నా నిర్ణయం' అను. అప్పుడే విలువిస్తారు.

నవ్వుతున్నావేం? నిజమే కదా? మీరంతే కదా?

ఇప్పుడు విను. ఈ ఏడు ఆకురాలే కాలమంతా పొగమంచే. మందని దించేది రేపు అని మీరనడం, బడి మూసెయ్యడం, పొద్దున్న లేచేసరికి పొగమంచు, మళ్ళీ రేపు. అలా ఎన్నిసార్లయిందో నీకే తెలియాలి, మందకి పెద్దవి నువ్వేగా. అక్కడ విద్యాధికారి పిల్లల హాజరు లెక్కలు చూసి ఒకటే పాట, టెర్నోయ్‌లో బడి నడవడం లేదమ్మా, మూసేద్దాం, ఆ నలుగురు పిల్లల్నీ హాస్టల్లో పడేద్దాం అని. బడి పోతే ఈ దీవి ఎన్నాళ్ళు నిలుస్తుందిరా? పిల్లలతోపాటు తల్లులు పోతారు. బిరితా పోతే ఎల్సా ఉంటుందా? నువ్వొక్కడివీ గొర్రెలతో మాట్లాడుకుంటూ ఉంటావా?

అందుకని సీమున్‌కి గట్టిగా చెప్పా. ఇక ఒక్కరోజు కూడా బడి మూయడానికి వీల్లేదని.

అవును, నేనే.

కత్తి ఆగిందే? ఆగనీ. ఇంకా ఉంది.

మందని దించే ముందురోజు సాయంత్రం నువ్వు ఇంటింటికీ ఫోన్ చేసి రేపే దించుదామన్నావు. బడికి ఆ కబురు బిరితా తీసుకెళ్ళింది. వాడు వెంటనే నాకు ఫోన్ చేశాడు. "మేడమ్, ఈసారి నిజంగానే దించేలా ఉన్నారు, గాలి మారింది. గండి దగ్గర మేం లేకపోతే ఎలా? ఈ ఒక్కరోజూ వదిలెయ్యండి" అని బతిమాలాడు. బతిమాలాడ్రా! నేనేమన్నాను? "పిల్లల్ని బయటికి వదిలావంటే ఊరుకోను, పాఠం చెప్పు, హానుస్‌కి నేను ఫోన్ చేసి చెప్తా, గండి దగ్గర ఇంకెవర్నైనా పెట్టుకుంటాడు. వాడు నా చేతికింద చదువుకున్నవాడు, నా మాట కాదనడు, అది నాకొదిలెయ్" అన్నా. వాడు, "మర్చిపోరుగా మేడమ్?" అన్నాడు. నాకు కోపం కూడా వచ్చింది. నన్నే అడుగుతాడా అని.

చేశాన్రా ఫోన్. నీ నంబరు ఎంగేజ్. నువ్వు ఇంకా ఎవరికో చెప్తున్నావు. మళ్ళీ చేద్దామని పెట్టేశా.

లోపల ఆ విద్యాధికారి భోజనానికి కూర్చున్నాడు. నేనే పిలిచా, మంచి చేసుకుందామని. కాల్చిన పఫిన్ పిట్ట, బంగాళాదుంపలు. వాడు మంచి మూడ్‌లో ఉన్నాడు. టెర్నోయ్ బడిని ఇంకో ఏడాది ఉంచుదాంలే మాలన్, నీ టీచరు గట్టివాడిలా ఉన్నాడు అంటున్నాడు. ఆ మాట మధ్యలో ఎలా లేస్తాను? లేవలేదు. ఆనందంలో ఇంకో గ్లాసు తాగా. వాడు వెళ్ళాక గిన్నెలు కడుక్కున్నా. పడుకున్నా. హాయిగా నిద్రపోయా.

నీకు ఫోన్ చెయ్యడం మర్చిపోయాన్రా హానుసూ.

అలా చూడకు. చూస్తే చూడు, ఇంకా చెప్పాలి నేను.

బిరితా చెప్పింది నాకు మిగతాది. పొద్దున్న వాడు పాఠం చెప్తూనే కిటికీలోంచి గండి వైపు చూస్తూ ఉన్నాడట. ఎవరో వచ్చి నిలబడతారని. ఎవరూ రాలేదు. ఇంతలో పైనించి మీ కేకలు. అప్పుడర్థమైంది వాడికి, మీకెవరూ చెప్పలేదని. సుద్దముక్క పారేసి తలుపు తీసి పరిగెత్తాడు. చేతులు ఊపుకుంటూ, ఎక్కాలు అరుచుకుంటూ. పిల్లలు వెనకాల. వాడు చేరేసరికి ముందున్న పొట్టేలు దూకేసింది. దాని వెనక సగం మంద. వాడు ఒకదాని కొమ్ములు పట్టుకుని వేలాడాడట, అది వాణ్ణి కూడా అంచు దాకా ఈడ్చుకుపోయింది. అరచేతులు చీరుకుపోయి ఉన్నాయి, చూశావా నువ్వు? చూడలేదు. అప్పటికే నీ కర్ర లేచింది.

ఒక్కో దెబ్బకీ ఒకటే ప్రశ్న వేశావట. "ఎవడు చెప్పాడ్రా బడి పెట్టమని? ఎవడు చెప్పాడు?" అని. పిల్లలంతా విన్నారు. వాడేమన్నాడు? "నేనే" అన్నాడు. దవడ విరిగేదాకా "నేనే" అన్నాడు. ఆ తర్వాత అనలేకపోయాడు.

నా పేరు చెప్పి ఉంటే ఆగేవాడివి కదూ? చెప్పరా, ఆగేవాడివి కదూ? మాలన్ టీచర్ అంటే నీ చెయ్యి ఆగేది. నాకు తెలుసు.

ఇందాక నేను వెళ్ళి పిలిస్తే ఆ ఒక్క కన్నూ తెరిచాడు. ఏదో అంటున్నాడు, దవడ కదలదుగా, చెవి దగ్గర పెట్టి విన్నా. "మేడమ్, మీ పేరు చెప్పలేదు. సరిగ్గానే చేశానా?" అన్నాడు. నేను వెనక బల్ల మీద కూర్చుని పాఠం చూశాక అడుగుతాడు చూడు, అచ్చం అలాగే అడిగాడు.

బాగా చేశావన్నాను. ఇంకేమంటాను?

వాడు నాకు ఆ ఫోన్ సంగతి గుర్తు చెయ్యలేదురా. మీరెందుకు చెయ్యలేదు మేడమ్ అని ఒక్క మాట అడగలేదు. అడిగితే బావుణ్ణు. ఉమ్మేస్తే బావుణ్ణు నా మొహాన.

అందుకని నీకు చెప్తున్నా. ఆ బడి పెట్టమన్నది నేను. నీకు ఫోన్ చెయ్యనిది నేను. నీ గొర్రెల్ని రాళ్ళ మీదికి తోసింది నేను, ఇక్కడ కూర్చుని నీ గొర్రె రక్తం కలుపుతున్న నేను. నువ్వు కొట్టాల్సిన మనిషి నీ ఎదురుగా ఉంది. ఇదిగో, గోడకే ఆనించి ఉంది నీ కర్ర. కడగను కూడా లేదు, వాడి వెంట్రుకలున్నాయి దీనికి. పట్టుకో.

ఏం? ముసలిదాన్ననా? ఆడదాన్ననా? ఆ ఇరవై ఆరేళ్ళ పిల్లాడి మీద లేచిన చెయ్యి నా మీద లేవదా? నీ మగతనం ఎక్కాలు చెప్పుకునే టీచర్ల దగ్గరేనా? కొట్టరా పిరికి వెధవా! నిన్ను పెంచింది నేనేనని చెప్పుకోడానికి సిగ్గేస్తోంది నాకు. కొట్టు!

లేచావా. ఆగు, కళ్ళజోడు తీసేస్తా. ఇది పగిలితే మళ్ళీ టోర్స్‌హావ్న్ పోవాలి.

ఊఁ.

అబ్బా!

...ఉండు. ఉండరా, పట్టుకోకు నన్ను. లేస్తా. నేనే లేస్తా. అయ్యో, గిన్నె తిరగబడింది, మీ ఆవిడ నన్ను తిడుతుంది. థూ. పన్ను కదిలింది, పర్లేదు, అది ఎప్పట్నించో కదిలేదే.

కర్ర వదిలేసి చేత్తో కొట్టావే? సర్లే.

ఏడవకు. ఛీ, లే. నువ్వు ఏడిస్తే వాడి దవడ అతుక్కోదు. నా మొహం పగిలినందుకు నాకు శాంతి రాలేదు, నీకూ రాదు. పోలీసు వస్తాడు, నిన్ను తీసుకెళ్తాడు, వెళ్ళు. నన్నూ పిలుస్తాడు, వెళ్తా. ఉద్యోగం ఊడుతుంది, ఊడనీ.

అదిగో! విన్నావా? హారన్.

పద. ముందు ఆ బకెట్లో చేతులు కడుక్కో, మోచేతుల దాకా కడుక్కో. తడి చేత్తో తాడు పట్టకు, జారుతుంది, తుడుచుకో. నువ్వు తల వైపు పట్టు, అక్కడే బరువు. వాడు కన్ను తెరిస్తే మొహం తిప్పుకోకు.

బిరితా నా మొహం చూసి అడుగుతుంది, ఎవరు కొట్టారని. నువ్వే చెప్పు, 'నేనే' అని. ఎందుకని అడుగుతుంది. అప్పుడు మాత్రం నువ్వు నోరు మూసుకో, అది నేను చెప్తా. వాడికి వినబడేలా గట్టిగా చెప్తా.

నడు, అల లేస్తోంది.